ప్లేట్ మీల్స్ ఎక్కడికి పోయింది? మన మొబైల్ రీచార్జ్ 30 ఏళ్ల చరిత్ర

ఈరోజు టాపిక్ పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. నెట్ తక్కువగా వాడేవాళ్లు ఏ రీచార్జ్ వేసుకోవాలి? వాట్సాప్, యూపీఐ, అప్పుడప్పుడు ఒక మ్యాప్, పండక్కి ఊరెళ్లడానికి ఒక రైలు టికెట్. వాడకం అంతే. ఇంట్లోనో హాస్టల్‌లోనో వైఫై ఉంది. అలాంటివాళ్లకి రోజుకి 2 జీబీ దేనికి? కానీ రీచార్జ్ యాప్ తెరవండి. ముందు వరసలో కనబడేవన్నీ రోజుకి జీబీన్నర, రోజుకి 2 జీబీ, దాంతోపాటు ఓటీటీ ఫ్రీ అనే ప్లాన్లే.

"ఇదిగో టాప్ 5 ప్లాన్లు" అని ఒక లిస్ట్ చదివేసి నేను వెళ్లిపోవచ్చు. కానీ ఆ లిస్ట్ మూడు నెలల్లో పాతబడిపోతుంది. రేట్లు మారతాయి, ప్లాన్ల పేర్లు మారతాయి. మారకుండా ఉండేది ఒకటే, ఆ రేట్లు ఎలా పుడతాయి అనే లాజిక్. అది అర్థం కావాలంటే చరిత్ర చూడాలి. అందుకే ఈ ఎపిసోడ్.

మొదలుపెట్టే ముందు ఒక పోలిక గుర్తుపెట్టుకోండి. మన హోటళ్లలో రెండు రకాల భోజనం ఉంటుంది. ప్లేట్ మీల్స్, ఫుల్ మీల్స్. ప్లేట్ మీల్స్ అంటే కొలత ప్రకారం, తక్కువ డబ్బు. ఫుల్ మీల్స్ అంటే ఎంత తిన్నా ఒకటే రేటు. తక్కువ తినేవాడికి ప్లేట్ మీల్స్ లాభం. మన మొబైల్ రంగం ప్లేట్ మీల్స్‌తో మొదలై, నెమ్మదిగా బోర్డు మీద నుంచి దాన్ని తుడిచేసింది. ఎప్పుడు, ఎందుకు, ఎవరు? అదే ఈరోజు కథ.

మీటర్ తిరిగిన రోజులు

1995 జులై 31. అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తా రైటర్స్ బిల్డింగ్ నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌కి ఫోన్ చేశారు. మన దేశంలో మొదటి మొబైల్ కాల్‌గా చెప్పుకునేది అదే. సరిగ్గా పదిహేను రోజులకి, ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ సామాన్య జనానికి ఇంటర్నెట్ మొదలుపెట్టింది. అంటే మన దేశంలో మొబైలూ, నెట్టూ దాదాపు కవల పిల్లలు. కానీ ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో కాపురం పెట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

అప్పట్లో కాల్‌కి నిమిషానికి 8 రూపాయల పైమాటే. రద్దీ టైమ్‌లో 16 దాటేది. అంతకంటే విచిత్రం, మనకి ఎవరైనా ఫోన్ చేస్తే మనకే డబ్బులు పోయేవి. ఇన్‌కమింగ్‌కి కూడా చార్జీ! అందుకే పేజర్‌లో నంబర్ చూసుకుని, ఎస్‌టీడీ బూత్‌కి వెళ్లి తిరిగి ఫోన్ చేసేవాళ్లు ఉండేవారు.

మన దగ్గర ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో మొదట లైసెన్సులు వచ్చింది టాటా సెల్యులార్‌కి, జేటీ మొబైల్స్‌కి. తర్వాత టాటా సెల్యులార్ ఐడియాలో భాగమైంది, జేటీ మొబైల్స్ ఎయిర్‌టెల్ చేతికి వెళ్లింది. చిన్న విశేషం ఏంటంటే, రాష్ట్రం రెండుగా విడిపోయినా ఈ కంపెనీల లైసెన్స్ లెక్కల్లో తెలంగాణ, ఆంధ్ర కలిసి ఇప్పటికీ ఒకే సర్కిల్.

ఆ తొలి కంపెనీలు వేలంలో భారీ మొత్తాలకి పాడుకుని లైసెన్స్ తెచ్చుకున్నాయి. కస్టమర్లు మాత్రం రాలేదు. ఫీజు కట్టలేక కుదేలయ్యాయి. అప్పుడు 1999లో కొత్త టెలికాం విధానం వచ్చింది. ముందే పెద్ద ఫీజు కట్టక్కర్లేదు, సంపాదించిన దాంట్లో ప్రభుత్వానికి వాటా ఇవ్వండి అన్నారు. ఈ ఒక్క మార్పు వల్లే రేట్లు దిగడానికి వీలైంది. కాకపోతే "సంపాదన" అంటే ఏది అనే గొడవ అక్కడే మొదలైంది. ఇది గుర్తుంచుకోండి, 20 ఏళ్ల తర్వాత మన రీచార్జ్ మీదకే వస్తుంది.

ఒక రింగ్, రెండు రింగులు

2002 అక్టోబర్‌లో బీఎస్ఎన్ఎల్ మొబైల్ వచ్చింది. డిసెంబర్‌లో రిలయన్స్ ఇన్ఫోకామ్ వచ్చింది. 2003లో 501 రూపాయలు కడితే ఫోన్ చేతికొచ్చే ఆఫర్ పెట్టారు. అదే ఏడాది మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది. ఫోన్ చేసేవాడే డబ్బు కడతాడు, ఎత్తేవాడు కాదు.

నా లెక్కలో మన దేశంలో ఫోన్ సామాన్యుడి చేతికి వచ్చిన అసలు రోజు అదే. ఎందుకంటే ఆ రోజు నుంచి జేబులో రూపాయి లేకపోయినా ఫోన్ పనిచేస్తుంది. మిస్డ్ కాల్ అనే భాష పుట్టింది. ఒక రింగ్ ఇస్తే బయల్దేరాను అని, రెండు రింగులు ఇస్తే చేరాను అని. మేస్త్రీలు, ఆటోవాళ్లు, పాలవాళ్లు సిమ్ కొనుక్కున్నారు. వాళ్లు ఫోన్ చేసేది తక్కువ. వాళ్లకి ఫోన్ రావడం ముఖ్యం, పని దొరకడం ముఖ్యం.

2005 చివర్లో "లైఫ్‌టైమ్" ప్లాన్లు వచ్చాయి. 999 రూపాయలు ఒకసారి కడితే వ్యాలిడిటీ బాధ ఉండదు, ఇన్‌కమింగ్ వస్తూనే ఉంటుంది. పోటీలో తర్వాత ఆ రేటు కూడా బాగా పడిపోయింది. 2006 మార్చి నుంచి బీఎస్ఎన్ఎల్ దేశంలో ఎక్కడికైనా ఎస్‌టీడీ నిమిషానికి రూపాయి అంది. 2009లో టాటా డొకోమో వచ్చి సెకనుకి ఒక పైసా అంది. మిగతావాళ్లు కూడా పైసా లెక్కకి దిగక తప్పలేదు. 10 సెకన్లు మాట్లాడితే 10 పైసలు. ఇంతకంటే పక్కా ప్లేట్ మీల్స్ ఇంకెక్కడ ఉంటుంది?

ఆ రోజుల్లో వీధి చివర కిరాణా కొట్టులో 10 రూపాయల టాపప్ దొరికేది. గీకుడు కార్డులు ఉండేవి. రేట్ కట్టర్లు ఉండేవి. తక్కువ వాడేవాడిని కంపెనీలు కస్టమర్‌గా గౌరవించిన కాలం అది. గౌరవం అంటే ప్రేమతో కాదులెండి. ఎంతమంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారు అనేదే అప్పుడు కంపెనీల పందెం. తల లెక్క ముఖ్యం, తల వెనక డబ్బు కాదు.

10 కేబీకి 10 పైసలు

ఇక డేటా సంగతి. 2జీ రోజుల్లో ప్యాక్ వేసుకోకుండా నెట్ ఆన్ చేస్తే 10 కేబీకి 10 పైసలు అనే రేటు చాలా చోట్ల ఉండేది. వినడానికి ఎంత చిన్నగా ఉందో చూడండి. ఇప్పుడు గుణించండి. ఒక ఎంబీకి 10 రూపాయలు. ఒక జీబీకి 10 వేల పైమాట! 2013లో కంపెనీలు దీన్ని బాగా తగ్గించాయి, కొన్ని 10 కేబీకి 2 పైసలకి తెచ్చాయి. అప్పుడు కూడా జీబీకి 2 వేలు.

అందుకే మా తరానికి ఒక అలవాటు ఉంది. మొబైల్ డేటా ఆన్ చేయడం, మెసేజ్‌లు దిగనివ్వడం, వెంటనే ఆఫ్ చేయడం. ఇంటర్ చదివేటప్పుడు మా బ్యాచ్ అంతా అంతే. ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లలకి ఇది చెబితే నవ్వుతారు.

2010లో 3జీ స్పెక్ట్రమ్ వేలంలో ప్రభుత్వానికి 67,700 కోట్లకి పైగా వచ్చింది. కంపెనీలు అప్పులు చేసి కొన్నాయి. ఆ డబ్బు రాబట్టాలంటే డేటా ఖరీదుగానే అమ్మాలి. ట్రాయ్ లెక్క ప్రకారం 2014లో ఒక జీబీ సగటు ధర దాదాపు 269 రూపాయలు. ఒక్కో కస్టమర్ నెలకి సగటున వాడింది 0.27 జీబీ. అంటే అప్పటి సగటు భారతీయుడే లైట్ యూజర్. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకోండి.

2016 సెప్టెంబర్

3జీ వేలం జరిగిన 2010లోనే బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రమ్ వేలం కూడా జరిగింది. అందులో దేశమంతటా గెలిచిన ఇన్ఫోటెల్ అనే కంపెనీని రిలయన్స్ కొనేసింది. ఆరేళ్లు కట్టింది, 2016 సెప్టెంబర్ 5న జియోగా తెరిచింది. డిసెంబర్ 31 వరకు ఫ్రీ. తర్వాత దాన్ని 2017 మార్చి 31 వరకు పొడిగించింది. 170 రోజుల్లో 10 కోట్ల మంది చేరారు. నేను అప్పుడు బీటెక్ సెకండ్ ఇయర్. సిమ్ కోసం క్లాసులు ఎగ్గొట్టి లైన్లో నిలబడని వాడు మా బ్రాంచ్‌లో లేడు.

ఇక్కడ చాలామంది మర్చిపోయిన విషయం ఒకటుంది. జియో మొదట ప్రకటించిన రేట్ల లిస్ట్‌లో 149 రూపాయల ప్లాన్ ఒకటి ఉంది. 28 రోజులు, కాల్స్ ఫ్రీ, డేటా 0.3 జీబీ. చూశారా? సరిగ్గా అప్పటి సగటు వాడకానికి కుట్టిన చొక్కా. అది ప్లేట్ మీల్సే. కానీ ఆరు నెలలు ఫ్రీగా ఫుల్ మీల్స్ తిన్నాక ప్లేట్ మీల్స్ ఎవడికి కావాలి? 2017 ఏప్రిల్‌లో ప్రైమ్ కస్టమర్లకి 309 రూపాయలకి 84 రోజులు, రోజుకి 1 జీబీ అనేసరికి ఆట మొత్తం మారిపోయింది. మిగతా కంపెనీలు అదే బాట పట్టాయి. "నెలకి ఇంత" అనే లెక్క పోయి "రోజుకి ఇంత" అనే లెక్క వచ్చింది.

2018కి జీబీ ధర 12 రూపాయల లోపుకి పడింది. నెల వాడకం 7 జీబీ దాటింది. ఇది నిజంగా గొప్ప మార్పు, కాదనను. ఊళ్లో కూర్చుని గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లు, యూట్యూబ్‌లో మెకానిక్ పని నేర్చుకున్నవాళ్లు, చివరికి ఈ ఎపిసోడ్ చేస్తున్న నేను కూడా, అందరం ఆ మార్పు పిల్లలమే. కానీ జీబీ చవకైంది అంటే ఫోన్ చవకైంది అని అర్థం కాదు. ఈ రెండూ వేరు. అక్కడే లైట్ యూజర్ దెబ్బతిన్నాడు.

35 నుంచి 199 దాకా

ఆ ధరల యుద్ధంలో కంపెనీలు వరసగా పడిపోయాయి. ఆర్‌కామ్ వాయిస్ సర్వీస్ 2017 చివర్లో ఆగిపోయింది. ఎయిర్‌సెల్ 2018లో దివాలా తీసింది. అదే ఏడాది ఆగస్టు 31న వొడాఫోన్, ఐడియా కలిసిపోయాయి. పది కంపెనీలు ఉన్న మార్కెట్‌లో చివరికి మూడు ప్రైవేటు కంపెనీలు, ఒక బీఎస్ఎన్ఎల్ మిగిలాయి.

2018 చివర్లో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా ఒక కొత్త నియమం తెచ్చాయి. 28 రోజులకి ఒకసారి కనీసం 35 రూపాయలు వేయకపోతే ముందు అవుట్‌గోయింగ్, తర్వాత ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది. లైఫ్‌టైమ్ అనే మాటకి ఆయుష్షు అక్కడితో తీరింది. 2003 మే 1న వచ్చిన సౌకర్యం, జేబులో రూపాయి లేకపోయినా ఫోన్ మోగడం, 15 ఏళ్లకి పోయింది.

తర్వాత 2019 అక్టోబర్‌లో సుప్రీం కోర్టు తీర్పు వచ్చింది. 1999 నాటి ఆ "సంపాదన అంటే ఏది" అనే గొడవ మీద! కంపెనీలు ఓడిపోయాయి. 92 వేల కోట్లకి పైగా బకాయిలు నెత్తిన పడ్డాయి. డిసెంబర్‌లో రేట్లు ఒక్కసారిగా పెరిగాయి.

ఎయిర్‌టెల్ కనీస రీచార్జ్ ప్రయాణం చూడండి. 2018లో 35. 2019 చివరికి 45. 2021 జులైలో 79, అదే ఏడాది నవంబర్‌లో 99. తర్వాత 155. 2024 జులైలో 199. న్యాయంగా చెప్పాలంటే 35కి వచ్చింది 26 రూపాయల చిల్లర టాక్‌టైమ్, 100 ఎంబీ డేటా. 199కి అన్‌లిమిటెడ్ కాల్స్, 2 జీబీ డేటా. ఇచ్చేది పెరిగింది, నిజమే. కానీ ఇన్‌కమింగ్, ఓటీపీ మాత్రమే కావాలనుకునే వాడికి ఆ పెరిగింది దేనికి? రెండు ఇడ్లీలు చాలన్నవాడికి ఫుల్ మీల్స్ బిల్లు వేసినట్టు ఉంది.

కంపెనీ వైపు నుంచి కూడా ఒకసారి చూద్దాం. నేను ఇంజనీరింగ్ చదివాను కాబట్టి ఇది ఒప్పుకోవాలి. టవర్, కరెంటు, స్పెక్ట్రమ్, ఫైబర్, ఇవన్నీ మీరు 1 ఎంబీ వాడినా 1 జీబీ వాడినా ఉండాల్సిందే. అదనంగా వాడే ఒక్కో ఎంబీకి అయ్యే ఖర్చు చాలా తక్కువ. అందుకే కంపెనీలకి మీటర్ కంటే అద్దె ఇష్టం. ఒక్కో కస్టమర్ నుంచి నెలకి సగటున వచ్చే ఆదాయం, దాన్నే ఆర్పు అంటారు, ఇప్పుడు అదే పందెం. ఎయిర్‌టెల్ ఈ సంగతి దాచలేదు. ముందు 200, ఆ తర్వాత 300 కావాలని బహిరంగంగానే చెబుతూ వచ్చింది. ఆర్పు పెంచడానికి సులువైన దారి కింది మెట్టు తీసేయడం. తల లెక్క పోయి తలకి ఎంత అనే లెక్క వచ్చింది అన్నమాట.

28 రోజుల నెల, డేటా లేని ప్లాన్

రేటు ఎంత ఉండాలో ట్రాయ్ సాధారణంగా చెప్పదు. అది కంపెనీల ఇష్టానికే వదిలేసింది. కానీ ప్లాన్ ఆకారం ఎలా ఉండాలో రెండుసార్లు గట్టిగా చెప్పింది.

మొదటిది 28 రోజుల గొడవ. ఏడాదికి 12 నెలలే కానీ 28 రోజుల రీచార్జ్‌లు 13. ఒకటి కనబడకుండా ఎక్కువ. 2022 జనవరిలో ట్రాయ్, ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాన్ ఒకటి, ప్రతి నెలా అదే తారీఖున రెన్యూ అయ్యే ప్లాన్ ఒకటి తప్పకుండా పెట్టాలంది. పెట్టారు. కానీ వెతికితేగానీ కనబడవు.

రెండోది 2024 డిసెంబర్ 23 నాటిది. కాల్స్, ఎస్ఎమ్మెస్ మాత్రమే ఉండే ప్లాన్ పెట్టాలి, ఆ వోచర్ల గడువు 365 రోజుల దాకా ఉండొచ్చు అంది. అప్పటికి దేశంలో సుమారు 15 కోట్ల మంది కీప్యాడ్ ఫోన్లే వాడుతున్నారు. వాళ్లకి డేటా అంటగట్టకండి అని దీని అర్థం.

ఏమైందో చూడండి. ఎయిర్‌టెల్‌లో అప్పటిదాకా 509కి 84 రోజులు, 6 జీబీ డేటాతో ఒక ప్లాన్ ఉంది. 2025 జనవరిలో డేటా లేకుండా 84 రోజుల ప్లాన్ వచ్చింది, 499కి. 10 రూపాయలు తగ్గాయి, 6 జీబీ పోయింది! జియో అలాగే 84 రోజులకి 458 అంది. ఈ ప్లాన్లను పరిశీలిస్తామని ట్రాయ్ అనగానే రేట్లు కొంచెం దిగాయి. ఎయిర్‌టెల్ 469, జియో 448. కీప్యాడ్ వాళ్లకి ఏదో కొంత మేలు జరిగింది. మధ్యలో ఉన్నవాళ్లకి, అంటే నెలకి 2 జీబీ చాలనేవాళ్లకి, మళ్లీ వెతుకులాటే.

ఇది చిల్లర డబ్బుల గొడవ కాదండి. ఈరోజు నంబర్ అంటే ఫోన్ ఒక్కటే కాదు. బ్యాంక్ ఓటీపీ, ఆధార్ ఓటీపీ, గ్యాస్ సిలిండర్ డెలివరీ కోడ్, అన్నీ ఆ నంబర్‌కే వస్తాయి. రీచార్జ్ అయిపోయి నంబర్ పోతే మనిషి తన ఖాతాకే తను పరాయివాడు అవుతాడు. ఊళ్లో ఉన్న అమ్మమ్మకి నెలనెలా రీచార్జ్ ఖర్చు అంటే మనకి కనబడనంత చిన్న విషయం, ఆవిడకి కాదు.

మరి మనం ఎలా ఎంచుకోవాలి?

చరిత్ర చెప్పేది ఒక్కటే. ఇప్పుడు లైట్ యూజర్ కొంటున్నది డేటా కాదు, రోజులు. కాబట్టి జీబీకి ఎంత అని చూడకండి, రోజుకి ఎంత అని చూడండి.

2024 జులై నాటి ఎయిర్‌టెల్ రేట్లతో లెక్క చేసి చూపిస్తాను. 299 ప్లాన్, 28 రోజులు, రోజుకి 1 జీబీ. రోజుకి 10 రూపాయల 68 పైసలు. 199 ప్లాన్, 28 రోజులు, మొత్తం 2 జీబీ. రోజుకి 7 రూపాయల 11 పైసలు. 1,999 ప్లాన్, 365 రోజులు, మొత్తం 24 జీబీ. రోజుకి 5 రూపాయల 48 పైసలు. అవే కాల్స్, ఇంచుమించు అంతే డేటా, కానీ 199 చొప్పున 13 సార్లు వేస్తే 2,587. తేడా 588 రూపాయలు. ఒకేసారి పెద్ద మొత్తం పెట్టగలిగినవాడికి చవక, పెట్టలేనివాడికి ఖరీదు. ఇదీ ఒక చేదు నిజం. ఈ రేట్లు ఇప్పటికే మారాయి, ఇంకా మారతాయి. లెక్క చేసే పద్ధతి మాత్రం ఇదే.

ముందు మీ ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ తెరిచి, పోయిన నెల వైఫై కాకుండా మొబైల్ డేటా ఎంత వాడారో చూడండి. 2 జీబీ లోపు ఉంటే మీరు లైట్ యూజరే. 28 రోజులకి 2 జీబీ అంటే రోజుకి 70 ఎంబీ చిల్లర. యూపీఐకి, వాట్సాప్ మెసేజ్‌లకి ఇది దర్జాగా సరిపోతుంది. రీల్స్‌కి సరిపోదు, గంటలో కొన్ని వందల ఎంబీ తినేస్తాయి. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. యాప్ అప్‌డేట్లు వైఫైలోనే అయ్యేలా పెట్టండి.

రెండు, "రోజుకి ఇంత" అనే ప్లాన్ కంటే "మొత్తం ఇంత" అనేది మీకు మేలు. రోజువారీ డేటా అర్ధరాత్రికి మురిగిపోతుంది. మొత్తం డేటా గడువు దాకా ఉంటుంది. ఎప్పుడైనా ప్రయాణంలో ఎక్కువ కావాలంటే చిన్న డేటా ప్యాక్ విడిగా వేసుకోవచ్చు. కాకపోతే దాని గడువు ఒక్క రోజా, మెయిన్ ప్లాన్ ఉన్నన్నాళ్లా అనేది చదివి వేయండి.

మూడు, యాప్‌లో మొదటి పేజీలో ఆగిపోకండి. కింద దాకా వెళ్లండి. 84 రోజులు, 336 రోజులు, 365 రోజులు అనే వరసలు చూడండి. ఏడాది ప్లాన్ అని చెప్పేది 336 రోజులా 365 రోజులా అని కూడా గమనించండి.

నాలుగు, సెకండ్ సిమ్‌కి, ఇంట్లో పెద్దవాళ్ల కీప్యాడ్ ఫోన్‌కి డేటా లేని ప్లాన్లు, బీఎస్ఎన్ఎల్ ప్లాన్లు చూడండి. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు పెంచినప్పుడు బీఎస్ఎన్ఎల్ పెంచలేదు, అందుకే ఆ నెల చాలామంది అటు వెళ్లారు. 2025 సెప్టెంబర్‌లో వాళ్ల స్వదేశీ 4జీ కూడా దేశమంతటా మొదలైంది. కానీ మీ ఇంట్లో సిగ్నల్ ఉందో లేదో పక్కింటివాళ్లని అడిగాకే మారండి. 2011 జనవరి నుంచి దేశమంతటా నంబర్ పోర్టబిలిటీ ఉంది. నంబర్ మారదు, కంపెనీ మాత్రమే మారుతుంది. లైట్ యూజర్ చేతిలో మిగిలిన ఒకే ఒక్క ఆయుధం అది.

ఈ వారం ఒక పని చేయండి. మీ ప్లాన్ సంగతి తర్వాత. ముందు ఇంట్లో అమ్మదో, నాన్నదో, తాతయ్యదో ఫోన్ తీసుకుని, వాళ్లు ఏ ప్లాన్‌లో ఉన్నారో, నెలకి నిజంగా ఎంత డేటా వాడారో చూడండి. చాలా ఇళ్లల్లో రోజుకి జీబీన్నర ప్లాన్, వాడకం రోజుకి 50 ఎంబీ. పిల్లలు ఒకసారి ఏదో వేసిచ్చారు, అదే నడుస్తోంది. ఒక్క పది నిమిషాల లెక్క, ఏడాదికి ఒక వెయ్యి రూపాయలు మిగలొచ్చు. ఆ వెయ్యి ఎవరి దగ్గర ఉండాలో నిర్ణయించాల్సింది మనమే.